రోజూ మూడింటికి వణికే కొండ

ఎలీదా అల్కా మెడలోని తాడును ఇనుప స్తంభానికి రెండు చుట్లు చుట్టి ముడి వేసింది.

"ఒక్క గంటన్నర. అంతే. బుద్ధిగా ఇక్కడే మేస్తూ ఉండు," అంది.

అల్కా చెవులు వెనక్కి వాల్చింది. లామా చెవులు వెనక్కి వాల్చిందంటే ఉమ్మబోతోందని అర్థం. ఎలీదా పక్కకు గెంతి, వాలు మీదుగా కిందికి పరుగందుకుంది.

ఎలీదాకు పదేళ్ళు. బడి నుంచి రాగానే ఇంట్లో ఉన్న పద్నాలుగు లామాలను పై పచ్చికకు తోలుకెళ్ళడం ఆ పిల్ల పని. ఆ మందకు నాయకురాలు అల్కా. మూపురం లేని చిన్న ఒంటెలా ఉండే, నలుపూ తెలుపూ మచ్చలున్న ముసలి ఆడ లామా. అది ఎటు పోతే మిగతా పదమూడూ అటే పోతాయి. దాన్ని కట్టేస్తే మంద మొత్తాన్నీ కట్టేసినట్టే.

కానీ కట్టడానికి ఏదీ? కోల్పాపంపా ఊరు ఆండీస్ కొండల్లో ఎంత ఎత్తున ఉందంటే, అక్కడ చెట్లు పెరగవు. రాయికి కడితే అల్కా రాయిని కూడా ఈడ్చుకుపోతుంది. పై పచ్చికలో గట్టిగా పాతినవి నాలుగే నాలుగు ఇనుప స్తంభాలు. అవి కొండ పెట్టె చుట్టూ ఉన్న కంచెవి.

కొండ అంటే ఊరి వెనక మంచు టోపీ పెట్టుకుని కూర్చున్న అగ్నిపర్వతం. మ్యాపులో దానికి వేరే పేరుంది. ఊళ్ళో మాత్రం అందరూ కొండతాత అంటారు. రెండేళ్ళ క్రితం నగరంలోని అగ్నిపర్వతాల కేంద్రం వాళ్ళు వచ్చి, తాత ఒళ్ళో ఒక గుంత తవ్వి, అందులో ఒక పరికరం పెట్టి మూత వేశారు. పక్కన సోలార్ పలక నిలబెట్టారు. చుట్టూ కంచె కట్టారు. "వంద అడుగుల దూరంలో ఉండండి. పశువులను దగ్గరికి రానివ్వకండి," అని ఊరందరికీ చెప్పారు. ఎందుకో కూడా చెప్పారు. కానీ అప్పుడు ఎలీదాకు ఎనిమిదేళ్ళు. వాళ్ళు చెప్పిన కారణం కన్నా వాళ్ళు పంచిన బిస్కెట్లే ఎక్కువ గుర్తున్నాయి.

'నేను పెట్టెను ముట్టుకోవడం లేదుగా. స్తంభానికే కదా కట్టింది,' అనుకుంది ఎలీదా. గత వారం నుంచి ఇలాగే అనుకుంటోంది.

బడి వెనక మైదానంలో అమ్మాయిలు అప్పటికే ఫుట్‌బాల్ ఆడుతున్నారు.

"వచ్చిందమ్మా మహారాణి! లామాలు సెలవిచ్చాయా?" అంది నోర్కా. జట్టుకు కెప్టెన్ నోర్కాయే.

"బంతి కొట్టి చూడు. సెలవో కాదో తెలుస్తుంది," అంది ఎలీదా, గోల్ ముందు నిలబడుతూ.

నిరుడు పక్క ఊరి అమ్మాయిలు వీళ్ళను ఆరు గోల్స్‌తో ఓడించారు. ఈసారి గోల్‌కీపర్ ఎలీదా. పోటీ ఇంకో పదిహేను రోజుల్లో ఉంది.

నాలుగున్నరకు ఎలీదా పైకి తిరిగొచ్చింది. అల్కా స్తంభానికి వీపు ఆనించి కసకసా రుద్దుకుంటోంది. స్తంభం కిర్రు కిర్రుమంటోంది. అల్కా కళ్ళు సగం మూసుకుని, పెదవి వేలాడేసి, ఎంతో హాయిగా ఉంది.

ఎలీదాకు నవ్వొచ్చింది. "చాల్లే నీ వయ్యారం, పద," అని తాడు విప్పింది.

మర్నాడు బుధవారం. బడి వదిలే వేళకు ఒక జీపు దుమ్ము రేపుకుంటూ వచ్చి బడి ముందు ఆగింది. మాస్టారు గంట కొట్టారు. అది బడి వదిలిన గంట కాదు. ఊరందరినీ పిలిచే గంట.

జీపులోంచి దిగింది ఇంజినీరు రోక్సానా. ఎర్ర కోటు, మట్టి బూట్లు. చేతిలో ఒక నోటుపుస్తకం. అందరూ చేరాక ఆమె గొంతు పెంచకుండా చెప్పింది.

"వారం రోజుల నుంచి మీ కొండ వణుకుతోంది. చాలా చిన్న వణుకు. మీ కాళ్ళకు తెలియదు. మా పరికరానికి తెలుస్తోంది. ఇంతకు ముందు అలాంటిది లేదు."

జనంలో గుసగుసలు మొదలయ్యాయి. ఎలీదా వాళ్ళ అవ్వ అసుంతా ముందుకొచ్చింది.

"ఇదిగో అమ్మాయ్, ఇవాళ పొద్దున్నే నేను వేడినీటి ఊటలో ఉన్ని కడిగాను. నా చిన్నప్పుడు ఎంత వేడిగా ఉండేదో ఇప్పుడూ అంతే. తాతకు జ్వరమేమీ లేదు."

కొందరు నవ్వారు. రోక్సానా నవ్వలేదు. ఆ మాటను పుస్తకంలో రాసుకుంది.

"అది మంచి కబురే అవ్వా. కానీ ఒక్క ఊటను చూసి ధైర్యం చెప్పలేను. కొండకు అటువైపు మాకు ఇంకో పెట్టె ఉంది. పిడుగు పడి అది పాడైంది. రెండూ పనిచేస్తుంటే రెండు చెవులతో విన్నట్టు. ఇప్పుడు ఒంటి చెవితో వింటున్నాం. అందుకే జాగ్రత్త పడాలి."

ఆ రోజు నుంచి పై పచ్చికకు ఎవరూ వెళ్ళకూడదన్నారు. పశువులన్నిటినీ ఏటి దిగువన ఉన్న మెట్ట నేలకు దించాలి. పరిస్థితి తేలకపోతే, శనివారం ముసలివాళ్ళనూ పసిపిల్లల తల్లులనూ లారీలో పట్నానికి తీసుకెళ్తారు.

"పైకి వెళ్ళి ఓసారి పెట్టెను చూడొచ్చుగా?" అన్నాడు ఊరి పెద్ద.

"ప్రమాదం లేదని తేలేదాకా పైకి మేమూ వెళ్ళకూడదు. మా నియమం అది," అంది రోక్సానా.

గురువారం ఆమె బడికి వచ్చింది. సెల్సో మాస్టారు పిల్లలందరినీ నేల మీద గుండ్రంగా కూర్చోబెట్టారు.

"మీ ఇంట్లో బంగాళాదుంపలు ఎలా దాస్తారు?" అని అడిగింది రోక్సానా.

"గుంతలో! ఒక వరస దుంపలు, ఒక వరస గడ్డి, మళ్ళీ దుంపలు, మళ్ళీ గడ్డి," అంది నోర్కా.

"మీ కొండతాత కూడా అలాగే తయారయ్యాడు. ఒకసారి కరిగిన రాయి పొంగి ఒక పొర. ఇంకోసారి బూడిద పడి ఒక పొర. రాయి, బూడిద, రాయి, బూడిద. వేల వేల ఏళ్ళు. అందుకే అంత నిటారుగా, అంత ఎత్తుగా ఉన్నాడు. ఇప్పుడు నిద్రపోతున్నాడు. ఎప్పటినుంచో ఎవరికీ సరిగా తెలియదు. మీ అవ్వల అవ్వలు కూడా ఆయన మేలుకుని ఉండగా చూడలేదు."

వెనకనుంచి ఒక చిన్న పిల్లాడు చెయ్యెత్తాడు. "మేం గట్టిగా అరిస్తే లేస్తాడా?"

"లేవడు. మీరు డప్పులు వాయించినా ఆయనకు పట్టదు. చాలా లోతున కరిగిన రాయి ఉంటుంది. అది పైకి తోసుకొస్తేనే ఆయనకు మెలకువ. తోసుకొచ్చేటప్పుడు దారిలో ఉన్న రాళ్ళు పగులుతాయి. నేల వణుకుతుంది. అందుకే మేం ఆ వణుకు కోసం వింటూ ఉంటాం. నిద్రపోవడం వేరు, చచ్చిపోవడం వేరు కదా."

ఆమె ఒక చిన్న పరికరాన్ని నేల మీద పెట్టి, దాన్ని లాప్‌టాప్‌కు కలిపింది. తెర మీద సన్నటి గీత ఒకటి తిన్నగా పోతోంది.

"ఎవరైనా ఒకరు గెంతండి."

నోర్కా లేచి ధబ్బున గెంతింది. గీత ముళ్ళకంపలా పైకీ కిందికీ లేచింది. పిల్లలు కేరింతలు కొట్టారు. మాస్టారు టీ కప్పు కింద పెట్టారు. గీత మళ్ళీ చిన్నగా లేచింది. ఎలీదా ఒక్కసారి కాలి బొటనవేలితో నేలను తట్టింది. దానికీ లేచింది.

"ఇంత చిన్న తట్టు కూడా వినిపిస్తుందా?" అంది ఎలీదా.

"ఇంకా చిన్నది కూడా. అందుకే పెట్టె దగ్గరికి పశువులను రానివ్వొద్దన్నాం."

తర్వాత ఆమె ఒక పొడుగాటి కాగితం విప్పింది. పోయిన వారం పెట్టె పంపిన గీతలు. సోమవారం ఒక గుబురు. మంగళవారం ఒక గుబురు. శుక్రవారం దాకా అంతే. అన్నీ మధ్యాహ్నం మూడు గంటల నుంచి నాలుగున్నర మధ్యే. శని, ఆదివారాల్లో ఏమీ లేదు.

"ఇదే నాకు అంతుపట్టడం లేదు. అగ్నిపర్వతం క్యాలెండర్ చూసుకుని వణకదు కదా," అంది రోక్సానా.

ఎలీదా వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టింది. శని, ఆదివారాల్లో నోర్కా వాళ్ళు సంతకు వెళ్తారు. ఆ రెండు రోజులూ ఆట ఉండదు.

సెల్సో మాస్టారు పిల్లల వైపు చూశారు. "మీలో ఎవరైనా ఆ పెట్టె దగ్గరికి వెళ్ళారా? భయపడకండి, చెప్పండి."

 ఎలీదా చెయ్యి సగం లేచింది. ఊరందరి ముందు అమ్మ తల దించుకుని నిలబడటం కళ్ళ ముందు కనిపించింది. లేచిన చెయ్యి జడ దగ్గరికి పోయింది. జడ సర్దుకుని మళ్ళీ ఒళ్ళోకి వచ్చేసింది.

"ఎవరూ లేరు మేడమ్," అన్నారు మాస్టారు.

మెట్ట నేలలో గడ్డి ముళ్ళులా ఉంటుంది. లామాలు ఎలాగో కొరుక్కుతింటాయి. వాటికన్నా చిన్నవి, ఉన్ని కోసం పెంచే అల్పాకాలకు మాత్రం మెత్తటి పచ్చిక కావాలి. అందులోనూ అది ఈతల కాలం. పక్కింటి సతుర్నీనా అత్తకు ఇరవై అల్పాకాలు. వాటిలో మూడింటికి అప్పుడే పిల్లలు పుట్టాయి.

శుక్రవారం మధ్యాహ్నం ఎలీదా మందతో వస్తుంటే సతుర్నీనా అత్త ఎదురొచ్చింది. శాలువాలో ఏదో చుట్టి ఎత్తుకుంది. శాలువా అంచులోంచి సన్నటి కాలు ఒకటి వేలాడుతోంది.

"చచ్చిపోయిందా అత్తా?"

"పోయింది. నాలుగు రోజుల పిల్ల. తల్లికి పాలు ఎండిపోయాయి. ఈ ముళ్ళు తింటే పాలెక్కడివి? దానికి తోడు రాత్రి వడగళ్ళు." ఆమె ఏడవలేదు. శాలువా అంచు లాగి ఆ కాలు మీద కప్పింది. "మిగతా రెండైనా బతుకుతాయో లేదో. తాత ఎందుకిలా చేస్తున్నాడో!"

ఆ పూట ఎలీదా అన్నం ముట్టలేదు. ఎండు మాంసం వేసిన చారు గిన్నెలోనే చల్లారిపోయింది.

"ఏమైందే?" అంది అమ్మ.

"ఏం లేదు."

"కడుపునొప్పా?"

"ఏం లేదన్నానుగా!"

అవ్వ ఆ పిల్లను కాసేపు చూసింది. గిన్నె తీసి మళ్ళీ పొయ్యి మీద పెట్టింది.

శనివారం పొద్దున్నే లారీ వచ్చి చర్చి ముందు నిలబడింది. ముసలివాళ్ళు మూటలు పట్టుకుని వరసలో నిలబడ్డారు.  అసుంతా అవ్వ మూట మీద కూర్చుని టీ తాగబోతోంది. తాగే ముందు, ఎప్పటిలాగే, నాలుగు చుక్కలు నేల మీద వొంపింది.

"ఇది నీకు తాతా. డెబ్భై ఏళ్ళుగా నీ ఒళ్ళోనే ఉన్నాను. ఇప్పుడు పొమ్మంటున్నారు," అంది కొండతో.

అమ్మ మొహం పక్కకు తిప్పుకుంది.

ఊరి పెద్ద రోక్సానాను అడిగాడు. "మీరొచ్చినప్పటి నుంచీ వణుకు లేదంటున్నారుగా. మరి వీళ్ళను తీసుకెళ్ళడం ఎందుకు?"

"అదే నా భయం. వణికి వణికి ఉన్నట్టుండి ఆగిపోయింది. ఒక్కోసారి పెద్దది వచ్చే ముందు ఇలా నిశ్శబ్దంగా ఉంటుంది," అంది రోక్సానా. రెండు రోజులుగా నిద్ర లేక ఆమె కళ్ళు ఎర్రబడ్డాయి.

డ్రైవరు చెయ్యి అందించాడు. అవ్వ ఒక కాలు లారీ మీద పెట్టింది.

"అవ్వా, ఎక్కకు!"

అందరూ తిరిగి చూశారు. ఎలీదా జనంలోంచి ముందుకు వచ్చింది. 

"అది కొండ కాదు. అల్కా."

"అల్కా ఎవరు?" అంది రోక్సానా.

"మా లామా. నేను రోజూ దాన్ని మీ స్తంభానికి కట్టేసి ఫుట్‌బాల్ ఆడటానికి వెళ్ళేదాన్ని. అది వీపు రుద్దుకునేది. మీరొచ్చాక అది పైకి వెళ్ళలేదు. అందుకే ఆగిపోయింది."

ఎవరో ఫక్కున నవ్వారు. ఇంకెవరో "నోర్ముయ్!" అన్నారు. ఎలీదా అమ్మ హుస్తీనా రెండు చేతులతో నోరు మూసుకుంది.

రోక్సానా నవ్వలేదు, తిట్టలేదు. నోటుపుస్తకం తెరిచి, ఎలీదా ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"ఏ స్తంభం?"

"ఏటి వైపుది."

"ఎన్నింటికి కట్టేదానివి?"

"మూడింటికి. నాలుగున్నరకు విప్పేదాన్ని."

"ఈ వారం ఏయే రోజులు?"

"మంగళవారం ఒక్క రోజే. సోమవారం నోర్కాకు పన్ను నొప్పి. ఆట ఆపేశాం. అందుకని కట్టలేదు."

రోక్సానా పేజీ తిప్పింది. వేలితో వరస వెంట పోయింది. వేలు ఒక చోట ఆగింది.

"ఈ వారం కాగితం నేనెవరికీ చూపించలేదు. సోమవారం ఖాళీ. మంగళవారం ఉంది," అంది మెల్లగా. తర్వాత లేచి డ్రైవరుతో, "లారీ ఆపు. కేంద్రానికి ఫోన్ చెయ్యాలి," అంది.

అనుమతి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. రోక్సానా, సెల్సో మాస్టారు, ఎలీదా, అల్కా పైకి వెళ్ళారు. స్తంభానికి తెల్ల ఉన్ని, నల్ల ఉన్ని ఇంకా అంటుకునే ఉన్నాయి. అల్కాను కట్టేశారు. లాప్‌టాప్ ముందు పెట్టుకుని కూర్చున్నారు.

అల్కా రుద్దుకోలేదు. అరగంట సేపు తాపీగా మేసింది.

"ఏం పెద్దమ్మా, ఇవాళ దురద లేదా?" అని రోక్సానా అల్కా దగ్గరికి వెళ్ళింది. అల్కా చెవులు వెనక్కి వాల్చింది.

"మేడమ్, జరగండి!" అని ఎలీదా అరిచేలోపే ఎర్ర కోటు నిండా ఆకుపచ్చ ఉమ్మి పడింది. మాస్టారు నవ్వు ఆపుకోలేక అటు తిరిగారు. అప్పుడు, తన పని అయిపోయినట్టు, అల్కా స్తంభానికి వీపు ఆనించి కసకసా రుద్దుకోవడం మొదలుపెట్టింది. తెర మీద గీత గుబురుగా లేచింది. పోయిన వారం కాగితం మీద ఉన్న గుబుర్లే.

రోక్సానా కోటు తుడుచుకోవడం కూడా మర్చిపోయి చూస్తూ ఉండిపోయింది. తర్వాత గట్టిగా ఊపిరి వదిలింది. "ఇంకో రెండు రోజులు చూస్తాం. అప్పటికీ ఏమీ లేకపోతే పచ్చిక తెరుస్తాం."

కిందికి దిగుతున్నప్పుడు ఎలీదా అడిగింది. "మీరు నన్ను తిట్టరా?"

"తిడితే గీత మారుతుందా? కానీ ఒకటి విను. రేపు నిజంగా తాత మేలుకుంటే, ఊరంతా 'ఆ, లామాయే అయ్యుంటుంది' అనుకుంటే ఏమవుతుంది?"

ఎలీదా వెనక్కి తిరిగింది. కొండ వైపు చూసింది. మంచు మీద ఎండ మెరుస్తోంది.

ఆ సాయంత్రం అమ్మ ఎలీదాను వెంటబెట్టుకుని సతుర్నీనా అత్త ఇంటికి వెళ్ళింది. గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. "లోపలికి నువ్వే వెళ్ళు," అంది.

సతుర్నీనా అత్త మిగిలిన రెండు పిల్లల్లో ఒకదానికి సీసాతో పాలు పడుతోంది. ఎలీదా చెప్పాల్సింది చెప్పింది. అత్త తల ఎత్తలేదు.

"గురువారం బడిలో మాస్టారు అడిగారటగా. అప్పుడే చెప్పి ఉంటే నా పిల్ల బతికి ఉండేదేమో," అంది.

ఆమె కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేదనిపించింది ఎలీదాకు.

సీసా ఖాళీ అయింది. ఎలీదా ఆ సీసా అందుకుని, వేణ్ణీళ్ళతో కడిగి, మళ్ళీ పాలు నింపి తెచ్చింది. రెండో పిల్లకు తనే పట్టింది.

సోమవారం పచ్చిక తెరిచారు. ఆ రోజు నుంచి ఎలీదా తమ లామాలతో పాటు సతుర్నీనా అత్త అల్పాకాలను కూడా తోలుకెళ్ళసాగింది. ఎవరూ అడగలేదు. రెండు మందలనూ చూసుకోవాలి కాబట్టి సాయంత్రం దాకా పచ్చికలోనే ఉండాల్సి వచ్చింది. గోల్‌లో వేరే అమ్మాయి నిలబడింది. పక్క ఊరి వాళ్ళు మళ్ళీ గెలిచారు. ఈసారి నాలుగు గోల్స్.

"నువ్వుంటే రెండైనా ఆపేదానివి," అంది నోర్కా, నిష్ఠూరంగా.

"మూడు," అంది ఎలీదా.

మూడు వారాల తర్వాత ఒక గురువారం, ఉన్నట్టుండి వడగళ్ళు మొదలయ్యాయి. ఒక అల్పాకా బెదిరిపోయి పెట్టె వైపు పరుగెత్తింది. ఎలీదా అడ్డం పరుగెత్తి దాన్ని మళ్ళించింది. కానీ తడిసిన గడ్డి మీద కాలు జారి, తనే వెళ్ళి కంచె స్తంభానికి భుజంతో గుద్దుకుంది. స్తంభం గణగణమంది.

ఎలీదా లేచి చుట్టూ చూసింది. పచ్చికలో ఎవరూ లేరు. ఊరి వైపు వాన తెర దించినట్టుంది.

మందను కిందికి తోలుకొచ్చింది. తడి శాలువా కూడా మార్చుకోకుండా అమ్మ ఫోన్ తీసుకుని చర్చి గోడ దగ్గరికి వెళ్ళింది. ఊళ్ళో సిగ్నల్ దొరికేది అక్కడొక్క చోటే.

"రోక్సానా మేడమ్? నేను కోల్పాపంపా నుంచి ఎలీదాని. ఇవాళ మీ దగ్గర గీత ఒకసారి లేచి ఉంటుంది."

"ఆగు, చూస్తాను... అవును. మూడూ నలభై రెండుకు. ఇప్పుడే దాని గురించే అనుకుంటున్నాం."

"అది కొండ కాదండీ. అల్కా కూడా కాదు. నేను. కాలు జారి మీ స్తంభానికి గుద్దుకున్నాను."

"అయ్యో! దెబ్బ తగిలిందా?"

"కొంచెం. ముందు మీరు రాసుకోండి."

అవతల కాగితం మీద పెన్ను కదిలిన చప్పుడు వినిపించేదాకా ఎలీదా ఫోన్ పెట్టలేదు.